పులిసిన వాసన, పురుగు దారి



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆయన పేరు మీ చేతిలోని ఆహ్వాన పత్రిక మీద ఉంది. నాకు మాత్రం ఆయన ఎప్పుడూ మాస్టారే. ఆదోనిలో నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు మాకు జీవశాస్త్రం చెప్పేవారు. ఒక సోమవారం రెండు మట్టి మూకుళ్లు తెచ్చి తరగతి కిటికీ గట్టు మీద పెట్టారు. ఒకదాంట్లో అప్పుడే కలిపిన బెల్లం నీళ్లు. రెండోదాంట్లో శుక్రవారం కలిపి ఇంట్లో గుడ్డ కప్పి ఉంచిన బెల్లం నీళ్లు. గంట కొట్టేలోగా పాత మూకుడు చుట్టూ సన్న ఈగలు మూగాయి. కొత్తదాని దగ్గర ఒకటో రెండో.

“ఈగ దేని కోసం వచ్చిందిరా?” అన్నారు. తీపి కోసమన్నాం. “తీపి కోసమైతే కొత్తదాని మీద వాలాల. పాతదాంట్లో తీపి తగ్గిపోయింది కదా” అన్నారు. మాకు జవాబు దొరకలేదు. “ఈగ వచ్చింది బెల్లం కోసం కాదు. బెల్లాన్ని తింటున్న వాళ్ల కోసం” అని ఆయనే చెప్పారు. ఆ తింటున్నవాళ్లు మా కంటికి కనబడని ఈస్టు కణాలు.

నేను ఆ మాటను చాలా ఏళ్లు ఒక మంచి ఉపాధ్యాయుడి చమత్కారం అనుకున్నాను. 2012లో స్వీడన్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు సరిగ్గా అదే సంగతిని పరీక్షించి ప్రకటించారు. మన ఇళ్లలో అరటిపళ్ల మీద మూగే ఆ సన్న ఈగను పిలిచేది పండు వాసన కాదని, పండు మీద పెరిగే ఈస్టు వాసన అని తేల్చారు. పండు లేకుండా ఈస్టును ఒక్కదాన్నే పెంచి పెట్టినా ఈగ వచ్చింది, గుడ్లు పెట్టింది, పిల్లలు ఆ ఈస్టు తిని పెరిగాయి. అది చదివిన రోజు మాస్టారి కిటికీ గట్టు కళ్లముందు కదిలింది. ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఆ గట్టు మీద మొదలైందే.

ఈ వాసనలు మనకు కొత్తవి కావు. ఈత కల్లు ముంతలో రెక్కల పురుగులు పడి తేలడం చూసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఎండకాలమంతా నెర్రెలు విచ్చిన నల్లరేగడి మీద తొలకరి చినుకు పడగానే లేచే ఆ వాసన మనలో ఎవరికి తెలియదు? దాన్ని మనం మట్టివాసన అంటాం. నిజానికి అందులో పెద్ద పాలు మట్టిది కాదు. స్ట్రెప్టోమైసిస్ అనే నేలలోని బాక్టీరియా తయారుచేసే పదార్థానిది. 1965లో దానికి జియోస్మిన్ అని పేరు పెట్టారు. ఆ సూక్ష్మజీవి ఇంత వాసన ఎందుకు చేస్తుందన్న ప్రశ్నకు 2020లో ఒక చక్కని జవాబు వచ్చింది. నేలలో గెంతుతూ తిరిగే, పురుగు జాతికి దగ్గరి చుట్టాలైన స్ప్రింగ్‌టెయిల్ అనే సన్న ప్రాణులు ఈ వాసన పట్టుకొని వచ్చి బాక్టీరియాను తింటాయి. తింటూ తింటూ దాని బీజాలను ఒంటికి అంటించుకొని, కడుపులో మోసుకొని దూరంగా చల్లుతాయి. విందు పెట్టి విత్తనం మోయించుకోవడమన్నమాట.

అదే జియోస్మిన్ వాసన తగిలితే పండ్ల మీద మూగే ఆ సన్న ఈగ మాత్రం పక్కకు తప్పుకుంటుంది. తన పిల్లలకు పనికిరాని బూజు, బాక్టీరియా అక్కడ ఉన్నాయని దానికి తెలుస్తుంది. జర్మనీలోని యేనా నగరంలో 2012లో జరిగిన పరిశోధనలో ఆ ఈగ మీసాల్లో ఈ ఒక్క వాసనకే కేటాయించిన గ్రాహకం ఉందని కనుక్కున్నారు. ఒకే వాసన ఒకరికి పిలుపు, ఇంకొకరికి హెచ్చరిక. పురుగుకు చూపు కంటే వాసనే పెద్ద దిక్కు. తిండి ఎక్కడ, గుడ్డు ఎక్కడ పెట్టాలి, ఎక్కడికి పోతే చావు అన్నవి అది వాసనలో చదువుకుంటుంది. ఆ రాత రాసేవాళ్లలో చాలామంది సూక్ష్మజీవులే.

ఇప్పుడు మన చేలలోకి వద్దాం.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఎమ్మిగనూరు కూడా ఆ తాలూకాలోదే. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో ఈ పడమటి నల్లనేలల నాటు పత్తిని వ్యాపారులు ‘వెస్టర్న్స్’ అనేవారు. నంద్యాల వైపు పత్తిని ‘నార్తర్న్స్’ అనేవారు. ఆదోనిలో జిన్నింగ్ మిల్లులు, ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు నిలబెట్టిన చేనేత సహకార సంఘం, అన్నీ పత్తి దారం చుట్టూ తిరిగిన బతుకులే. అందుకే ఇక్కడ పురుగు మాట ఎత్తితే ముందు పత్తి పురుగే గుర్తొస్తుంది.

పత్తికి మనం ఇప్పటికే ఒక సూక్ష్మజీవిని నమ్ముకున్నాం. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే ఆ బాక్టీరియాను 1901లో జపాన్‌లో ఇషివాటా చచ్చిన పట్టుపురుగుల్లో చూశాడు. 1915లో జర్మనీలో బెర్లినర్ తురింజియా ప్రాంతం పేరుతో దానికి నామకరణం చేశాడు. 2002లో ఆ బాక్టీరియా విషపు జన్యువున్న బీటీ పత్తికి మన దేశంలో అనుమతి వచ్చింది. 2006లో రెండు జన్యువులున్న రకం వచ్చింది. శనగపచ్చ పురుగు బెడద తగ్గింది, నిజం. కానీ గులాబీ రంగు పురుగు ఆ విషాన్ని అరిగించుకోవడం నేర్చింది. మొదటి రకం బీటీని తట్టుకుంటోందని 2010లోనే గుజరాత్ నుంచి వార్త వచ్చింది. తర్వాత రెండు జన్యువుల రకాన్నీ దాటింది. ఆదోని మార్కెట్ యార్డుకు వచ్చే పత్తిలో గుడ్డిపత్తి ఎంతో, కాయ విప్పితే లోపల ఏముంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. సూక్ష్మజీవి విషాన్ని ఏళ్ల తరబడి ఒక్కతీరున, ప్రతి మొక్కలో, ప్రతి ఆకులో పెట్టి పురుగుకు రోజూ తినిపించాం. అది అలవాటు పడింది. ఇందులో పురుగు తప్పు లేదు.

గులాబీ పురుగుకు మన దగ్గరున్న మంచి ఆయుధం వాసనే. లింగాకర్షక బుట్టల్లో పెట్టే గాసిప్లూర్ ఎర ఆడ రెక్కల పురుగు వాసనకు నకలు. 1973లో దాని నిర్మాణం తెలిసింది. వరుసగా 3 రాత్రులు బుట్టకు 8 చొప్పున పడితే చర్య తీసుకోవాలని మన అధికారులు చెబుతారు. జిన్నింగ్ మిల్లుల ఆవరణల్లోనూ ఈ బుట్టలు కట్టడం అవసరం. ఈ ఎర మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ దానికి ఒక హద్దుంది. బుట్టలో పడేది మగది. చేలో గుడ్లు పెట్టేది ఆడది. మిగిలిన కొన్ని మగవి చాలు, ఆడవన్నిటితో జతకట్టడానికి. పైగా ఒక ఎర ఒక్క పురుగుకే పనిచేస్తుంది.

పులిసిన వాసన అలా కాదు. ఆకలైన ఆడదీ వస్తుంది, మగదీ వస్తుంది.

ఇంగ్లండులో సీతాకోకచిలుకలు, రెక్కల పురుగులు సేకరించేవాళ్లు 19వ శతాబ్దంలోనే పానకంలో బీరో రమ్మో కలిపి మునిమాపువేళ చెట్ల మానులకు పూసి, రాత్రి లాంతరు పట్టుకొని వెళ్లి వాలినవాటిని పట్టుకునేవారు. అది వాళ్లకు సరదా. 1990లలో అమెరికాలోని యాకిమాలో పీటర్ లాండోల్ట్ అనే శాస్త్రవేత్త దాన్నే శ్రద్ధగా తీసుకున్నాడు. పులిసిన మొలాసిస్‌కు లద్దెపురుగుల కుటుంబానికి చెందిన రెక్కల పురుగులు ఎందుకు వస్తున్నాయని వెతికాడు. ఆ వాసనలోని పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీసి, ఎసిటిక్ ఆమ్లం, ఐసో అమైల్ ఆల్కహాల్ అనే రెండింటిని కలిపి పెడితే చాలా జాతుల ఆడ, మగ పురుగులు రెండూ ఉచ్చులో పడ్డాయి. మొదటిది మన ఇంట్లో పచ్చళ్లకు వాడే వెనిగర్‌లోదే. రెండోది ఈస్టు పులిసేటప్పుడు పుట్టేది. కల్లులో ఆ ఘాటుకు అదీ ఒక కారణం.

మన ఊళ్ల సంగతి చూడండి. 2018లో కర్ణాటకలో మొదట కనిపించిన కత్తెర పురుగు అదే ఏడాది మన మొక్కజొన్న చేలకూ వచ్చింది. అప్పుడు శాస్త్రవేత్తలు రైతుకు చెప్పిన విషపు ఎర ఏమిటి? ఎకరాకు 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం, 2 నుంచి 3 లీటర్ల నీళ్లు కలిపి 24 గంటలు పులియబెట్టాలి. చేలో వేసే అరగంట ముందు 100 గ్రాముల థయోడికార్బ్ కలిపి, సాయంత్రం మొక్క సుడుల్లో వేయాలి. వేరుశనగలో పొగాకు లద్దె పురుగుకు కూడా తవుడు, బెల్లం ఎర మనకు చాలాకాలంగా తెలుసు. రైతు ఎప్పుడూ 100 గ్రాముల మందు గురించే అడుగుతాడు. ఏ కంపెనీది, ఎంత ధర అని. నాకు మాత్రం ఆ సలహాలో బంగారం లాంటి మాట ‘24 గంటలు’ అన్నది. ఆ ఒక్క పగలూ రాత్రీ గోలెంలో జరిగే పని వాసన తయారీ. తవుడులోని, గాలిలోని ఈస్టులు బెల్లాన్ని తిని సారాయి, పులుపు, పళ్ల వాసనలాంటి ఎస్టర్లు పుట్టిస్తాయి. పురుగును విషం దగ్గరికి నడిపించేది అవే. తొందరపడి పొద్దున కలిపి సాయంత్రం వేసినవాడు మందుకు డబ్బు పెట్టి, పిలుపును ఇంట్లోనే వదిలి వెళ్లినట్టు.

ఇంకో లెక్క చూడండి. మందును నీళ్లలో కలిపి చేనంతా చల్లితే అది ఆకు మీద, నేల మీద, గాలిలో, చల్లే మనిషి ఊపిరితిత్తుల్లో పడుతుంది. అదే ఎరలో పెడితే పురుగు దాని దగ్గరికే నడిచి వస్తుంది. దేశంలో చల్లే పురుగుమందుల్లో సగానికి దగ్గరగా ఒకప్పుడు పత్తికే పోయేది. 1997-98లో పత్తి దెబ్బతిని వరంగల్ జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్న సంవత్సరం నాకు బాగా గుర్తు. ఆ ఇళ్లలో చాలాచోట్ల చేతికి అందిన సాధనం కూడా చేనుకు తెచ్చిన పురుగుమందే. మందును చేను మొత్తం మీది నుంచి ఒక్క ముద్దకు కుదించే ఏ దారైనా నాకు శాస్త్రం ఒక్కటే కాదు, అంతకంటే పెద్ద విషయం.

జొన్న దగ్గరికి వద్దాం. ఈ నేలలకు జొన్న పాత చుట్టం. ఆలస్యంగా విత్తిన చేలో మొవ్వు ఎండిపోతే అది మొవ్వు ఈగ పని. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ ఈగను పట్టడానికి వాడింది తడిపిన ఎండుచేపల పొడి. పొడి తడిసి కుళ్లుతూ ఉంటే, బాక్టీరియా దాని మాంసకృత్తులను విడగొట్టి వెదజల్లే వాసనకు ఈగలు వస్తాయి. అందులోనూ ఎక్కువ ఆడవే వస్తాయి. గుడ్లు కట్టడానికి వాటికి మాంసకృత్తులు కావాలి కదా. ఈగను తట్టుకునే జొన్న రకాలను ఎంపిక చేసేటప్పుడు, పరీక్ష కఠినంగా ఉండాలని చేపల పొడిని సాళ్ల మధ్య చల్లి కావాలనే ఈగలను రప్పించేవారు. అంటే తెలుగు నేల మీద, మన పొరుగునే, సూక్ష్మజీవి వాసనను సాధనంగా వాడి విత్తనం తయారుచేశారు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యమైనా ఉండదగినది.

కోనసీమలో కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ము పురుగుకు ఆముదం చెక్క కుండలు పెడతారు. 1 కిలో చెక్కను 5 లీటర్ల నీళ్లలో నానబెట్టి తోటలో ఉంచితే అది పులిసిన వాసనకు పురుగు వచ్చి మునుగుతుంది. ఆదోని యార్డులో పత్తి, వేరుశనగతో పాటు ఆముదాలూ రాశులు పోస్తారు. చెక్క మనకు దూరం కాదు. చెదపురుగు సంగతి అయితే 1961 నుంచే తెలుసు. ఒక రకం బూజు పట్టి మెత్తబడిన కర్ర వాసనకు చెదలు బారులు తీరి వస్తాయని అమెరికాలో చూశారు. 1968లో ఆ కర్రలోంచి విడదీసిన పదార్థం, చెదలు తమ దారి గుర్తుకు వదిలే వాసనా ఒకటేనని తెలిసింది. బూజు చెద భాష మాట్లాడుతోంది!

శత్రువులను పిలిచే వాసనల గురించే ఇంతసేపు చెప్పాను. మిత్రులను పిలిచేవీ ఉన్నాయి. నా మనసుకు ఇది ఇంకా దగ్గరి విషయం. పత్తిలో, వేరుశనగలో రసం పీల్చే ఆ చిన్న పురుగుకు మన పెద్దలు పేనుబంక అని పేరు పెట్టారు. పురుగునూ, అది విసర్జించే తీపి బంకనూ ఒకే మాటలో కట్టారు. 2011లో బెల్జియం శాస్త్రవేత్తలు ఆ బంకను పరీక్షించారు. అందులో పెరిగే ఒక బాక్టీరియా విడుదల చేసే వాసనే సిర్ఫిడ్ ఈగను పిలుస్తోందని, అక్కడ గుడ్లు పెట్టిస్తోందని తేల్చారు. బాక్టీరియా లేకుండా శుద్ధి చేసిన బంక ఆ పని చేయలేదు. సిర్ఫిడ్ ఈగ పిల్లలు పేనుబంకను తిని బతుకుతాయి. కాలిఫోర్నియాలో కెన్నెత్ హేగెన్ అంతకు ఎన్నో ఏళ్ల ముందే చక్కెరకు ఈస్టు నుంచి తీసిన మాంసకృత్తులు కలిపి చేలో చల్లి, అల్లిక రెక్కల పురుగులను రప్పించాడు. అవి, అక్షింతల పురుగులు మన చేలలోనూ ఉన్నాయి. ఆకు కింద బంక మెరవగానే పంపు భుజానికెత్తుకునే రైతుకు నేను చేతులు జోడించి చెప్పేది ఒకటే. ఆ వాసన పట్టుకొని మీ సాయానికి బయలుదేరినవాళ్లు దారిలో ఉన్నారు. కొన్ని రోజులు ఆగి, ఆకులు తిప్పి చూసి, అప్పుడు తేల్చుకోండి.

ఆపిల్ తోటల్లో ఒక మెట్టు ఎక్కువే ఎక్కారు. కాయ తొలిచే కాడ్లింగ్ మాత్ అనే పురుగు పిల్లలతో కలిసి బతికే ఈస్టు ఒకటుంది. ఆ ఈస్టును, పురుగును చంపే వైరస్‌ను కలిపి చల్లితే పిల్ల పురుగు రుచి మరిగి ఎక్కువ తిని ఎక్కువ చచ్చిందని 2013 ప్రాంతంలో చూపించారు. మన దగ్గర శనగపచ్చ పురుగుకు ఎన్.పి.వి. వైరస్ ద్రావణంలో బెల్లం కలిపి సాయంత్రం చల్లమని ఎప్పటినుంచో చెబుతున్నాం. బెల్లం వరకు వచ్చాం. ఈస్టు దాకా ఇంకొక్క అడుగే.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. పులిసిన వాసనకు మంచిచెడ్డలు తెలియవు. తేనెటీగలూ రావచ్చు, మన మిత్ర పురుగులూ పడవచ్చు. చేపల పొడి ఉచ్చులో మొవ్వు ఈగతో పాటు దాని దాయాదులైన వేరే జాతుల ఈగలు కూడా పడతాయి కనుక లెక్కపెట్టేవాడికి వాటిని గుర్తుపట్టే చదువు కావాలి. ఆదోని ఎండకు ఎర మధ్యాహ్నానికే ఎండి వాసన చస్తుంది. అందుకే సాయంత్రం వేయాలి. అన్నిటికంటే ముఖ్యం, తవుడు, బెల్లం, విషం కలిసిన ముద్ద గొర్రెకూ, కుక్కకూ, చంటిబిడ్డకూ కూడా కమ్మగానే ఉంటుంది. ఎర వేసిన చేలోకి మందను తోలనివ్వకండి. చేతికి తొడుగు లేకుండా కలపకండి. మిగిలినదాన్ని ఇంటి చూరులో దాచకండి.

రాష్ట్రంలో 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం పేరుతో పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి, పిడికెడు మట్టి కలిపి ద్రవ జీవామృతం డ్రమ్ములు పులియబెడుతున్నారు. నేల సారం గురించి అందరూ మాట్లాడుతున్నారు. ఆ డ్రమ్ము ఒక వాసనల గని కూడా. దానికి ఏ పురుగులు వస్తున్నాయి, ఏవి తప్పుకుంటున్నాయి, ఆ నీళ్లు చల్లిన చేలో మిత్ర పురుగులు పెరుగుతున్నాయా అని ఎవరైనా నోటుపుస్తకం పట్టుకొని లెక్కపెట్టాలి. వ్యవసాయ కళాశాల విద్యార్థులారా, ఇది లక్షల రూపాయల యంత్రాలు అడిగే పరిశోధన కాదు. ముక్కు, కళ్లు, ఓపిక ఉంటే చాలు.

చివరగా రైతులకు నా విన్నపం. ఈ ఖరీఫ్‌లో మీ చేలో రెండు కుండలు పెట్టండి. ఒకదాంట్లో ఆ సాయంత్రమే కలిపిన తవుడు, బెల్లం నీళ్లు. రెండోదాంట్లో ముందురోజు కలిపి పులియబెట్టినవి. విషం వద్దు. వాలినవి మునిగేందుకు రెంటిలోనూ నాలుగు చుక్కల సబ్బునీళ్లు వేసి, మూతికి వేలు పట్టే సందులున్న మూత పెట్టండి. 20 అడుగులు ఎడంగా ఉంచండి. రోజూ పొద్దున రెంటిలో ఏమేమి పడ్డాయో, ఎన్ని పడ్డాయో పిల్లల చేత రాయించండి. 10 రోజుల తర్వాత ఆ కాగితాన్ని, ఒక సీసాలో ఆ పురుగులను ఎమ్మిగనూరు మండలం బనవాసిలోని కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లి చూపించండి. వచ్చే ఏడాది ఈ సభకు వచ్చేటప్పుడు ఆ కాగితం నకలు నాకూ ఒకటి తెండి.